వెలుతురు సందు

మండిబజార్ల జబ్బార్ భాయ్ పాత ఇనుప కొట్టు.
గోనెపట్టా మీద పదకొండు రందాలు,
కొన్ని బోర్లా, కొన్ని పక్కకు ఒరిగి,
ఎండకు పండుకున్న పిల్లుల తీరు.

నా సంచిల ఒక స్టీలు స్కేలు,
పర్సుల రెండు వేలు,
చెవుల పొన్నోజు లింగాచారి మాట:
"మూడు కొనకు బిడ్డా, ఒక్కటే కొను.
మంచిది దొరికేదాక రందే.
దొరికినంక మిగతా రెండూ ఎందుకో అదే చెప్తది."

కొత్తది ముందుగాల నవ్వింది.
నీలి రంగు, పసుపు పిడి, డబ్బాతో సహా తొమ్మిది వందలు.
తిప్పి, అడుగు మీద స్కేలు నిలబెట్టి,
కంటి ఎత్తుకు లేపి ఆకాశానికి పట్టిన.
నడుమ, సరిగ్గ మూతి దగ్గర,
సన్నటి వెలుతురు గీత.

ఇరవై రెండేండ్ల సంది ఎక్స్‌రే గదిల పని.
నా గదిల విరుగుడు నల్లగ కనబడుతది,
ఇక్కడ తెల్లగ.
అంతే తేడా.

జబ్బార్ భాయ్ అలగలే.
"ఆ మూలది చూడమ్మా, కాజీపేట నుంచి వచ్చింది."
ఎవరింట్ల నుంచి, ఎందుకు,
నేను అడగలే.
రెండు చేతులకూ బరువే అది.
పిడి చెవి విరిగింది, తుప్పు ముదురు బెల్లం రంగు.
పక్కన ఎవరో మేకుతో గీకిన రెండక్షరాలు:
ఒకటి 'మ'.
రెండోది తుప్పు తిన్నది.

చారి చెప్పిన వరుసంత మర్చిపోయి
మొదలు వాసన చూసిన. నవ్వకుండ్రి.
పాత నూనె, చెమట, కొంచెం టేకు.
తర్వాత బ్లేడు ఊడదీసి గోటితో మీటిన.
కొత్తదాని బ్లేడు రేకుడబ్బా లెక్క టప్పుమన్నది,
ఇది కాసేపు మోగింది.
అంచు నుంచి గాడి దాకా ఇంకా రెండు వేళ్ళ ఉక్కు.
ఎంత సాన పట్టినా
నా పానానికి సరిపోతది.
పై రేకు బ్లేడును కరుచుకుని ఉన్నది;
అక్కడ వెంట్రుకంత సందున్నా
పొట్టు దూరి రందా గొంతు పట్టేస్తదట.
చివరికి స్కేలు పెట్టిన.
మడిమె ముందు కొంచెం వెలుతురు, పోనీ.
ముక్కు దగ్గర చీకటి. మూతి దగ్గర చీకటి.
నాకు కావాల్సిన చీకటి.

"పద్దెనిమిది వందలు."
"పిడి విరిగింది గద భాయ్."
"పిడి కట్టెది, మీరు చేసుకుంటరు.
ఇనుము చేసుకుంటరా?"
పదహారు వందలిచ్చిన.

నాలుగు ఆదివారాలు
నయీంనగర్ల మా స్కూటర్ షెడ్డుల,
అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి
అడుగు రుద్దిన.
సోమవారం గ్లౌజులు తొడిగినా
గోళ్ళ కింది నలుపు నాకు తెలుస్తనే ఉండె.
మూడో వారం చారి వచ్చిండు.
చాయ్ తాగిండు, బొటనవేలితో అంచు తడిమిండు,
బాగుందనలే, బాగలేదనలే.
తన సాన రాయి మరిచిపోయినట్టు వదిలి పోయిండు.

ఏం చేస్తవు దీనితో అంటరు అందరూ.
మా ఎక్స్‌రే బల్ల ఎత్తు.
పత్తి చేన్ల జారి చెయ్యి విరిగొచ్చిన ఆడోళ్ళు
ఉన్న ఒక్క చేత్తో నా భుజం పట్టుకుని ఎక్కుతరు.
మెట్టుపీట కావాలని మూడుసార్లు రాసిన.
మూడు కాగితాలూ ఏ ఫైల్లనో నిద్రపోతున్నయి.

పాత దర్వాజ చెక్క, ములుగు టేకు.
మొదటి తోపుకే రందా తన్నింది,
నార ఎదురు తిరిగింది.
కోపమొచ్చి మళ్ళ తోసిన, మళ్ళ తన్నింది.
చెక్కను అటుది ఇటు తిప్పిన.
స్స్...
మూతిల నుంచి ఉల్లిపొర లేచింది,
చుట్టలు చుట్టుకుంట నా మణికట్టు మీద పడ్డది.

పీట ఇంకా కాలే. ఒక కాలు పొట్టి.

సోమవారం, మొదటి పేషెంటు రాకముందు,
ఆ పొరను ఫిల్ములు చూసే తెల్లదీపానికి తగిలించిన.
గీతలన్నీ నిటారుగ,
ఎక్కడా విరుగుడు లేదు.
పేరు రాసే చోట
ఏం రాయాల్నో తెలువక
'మ' అని రాసిన.